తుపాకి సంగతి ఎవరికి తెలుసు?

(సికింద్రాబాద్‌లో స్త్రీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగిన విషయం ‘వీడియో గేములు - పిల్లల్లో హింస’. బస్తీల్లో పనిచేసే మీ అందరికీ తల్లులు రోజూ చెప్పే ఫిర్యాదు ఇదే. మా వాడు ఫోను వదలడు, తిండి లేదు, నిద్ర లేదు, పొద్దస్తమానం కాల్చడమే అంటారు. ఆ తల్లుల బాధ నిజమైనది. అయినా ఈ రోజు నేను దాన్ని కాస్త పక్కన పెట్టి, అందులోనే దాగి ఉన్న ఇంకో విషయం మాట్లాడాలనుకుంటున్నాను. ఈ ఆటలు ఆడేవాళ్ళకి తుపాకి గురించి ఏం తెలుస్తుంది? ఏం తెలిసిందని వాళ్ళు అనుకుంటారు? ఆ అనుకోవడం వల్ల సమాజంలో ఎవరి మాటకి విలువ పెరుగుతుంది, ఎవరి మాటకి తగ్గుతుంది? స్త్రీలుగా మనకి సంబంధించిన ప్రశ్న ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

‘గేములు ఆడితే హంతకులవుతారు’ అనే వాదన మీద ఎందుకు నిలబడనో ముందే చెప్తాను. 2012లో అమెరికాలో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. ఇరవై నిమిషాలు తుపాకి ఆట ఆడిన విద్యార్థులు ఆ తర్వాత బొమ్మ మనిషి మీద కాల్చినప్పుడు ఎక్కువసార్లు తలకే గురిపెట్టారని దాని సారాంశం. దాన్ని ఎన్నో చోట్ల ఉదహరించారు. 2017లో ఆ పత్రిక దాన్ని ఉపసంహరించుకుంది, లెక్కల్లో తేడాలున్నాయని. 2020లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం కూడా, ఈ ఆటలకీ కాల్పుల వంటి తీవ్ర హింసకీ సంబంధం ఉందని చెప్పడానికి తగిన సాక్ష్యం లేదని తీర్మానించింది. కాబట్టి ‘పరిశోధనలు రుజువు చేశాయి’ అని మనం కరపత్రాల్లో రాస్తే రేపు ఎవరైనా అడుగుతారు. మన దేశంలో నిషేధం సంగతి కూడా అంతే. 2020 సెప్టెంబరు 2న పబ్జీని ఆపేశారు కదా అంటారు కొందరు. ఆపింది హింస కోసం కాదు, దేశ భద్రత, వినియోగదారుల సమాచారం అనే కారణాల మీద. 2021 జూలైలో అదే ఆట పేరు మార్చుకుని బీజీఎంఐగా వచ్చింది, 2022 జూలైలో మళ్ళీ ఆగింది, 2023లో మళ్ళీ వచ్చింది. మన పేరుతో వచ్చినప్పుడు రక్తం రంగు ఆకుపచ్చ చేశారు, ‘చంపాడు’ అనే చోట ‘ముగించాడు’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. రక్తం రంగు మార్చినందుకు సంతోషించాలేమో!

మీలో ఈ ఆట చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. వందమంది పారాచూట్లతో ఒక దీవి మీద దిగుతారు. ఇళ్ళల్లో దూరి తుపాకులు, తూటాలు, మందులు ఏరుకుంటారు. ఒకరినొకరు కాల్చుకుంటారు. చివరికి మిగిలినవాళ్ళు గెలిచినట్టు. తుపాకులన్నీ నిజమైన వాటి పోలికలే, చాలావాటికి నిజమైన పేర్లే. ఒక్కోదానికి ఎంత దెబ్బ కొడుతుంది, ఎంత దూరం పోతుంది అని లెక్కలుంటాయి. పిల్లలు ఆ లెక్కల్ని ఎక్కాల్లా అప్పజెప్తారు. ఎక్కాలు రానివాళ్ళు కూడా.

అడ్డగుట్ట, వారాసిగూడ వైపు మగపిల్లల బృందాలతో కొన్ని సమావేశాలు జరిపాను. ఇది సర్వే కాదు, అంకెలేమీ లేవు, కూర్చుని మాట్లాడుకున్నామంతే. మొదట తుపాకుల గురించి మీకేం తెలుసో చెప్పండి అన్నాను. గంటసేపు ఆగలేదు. ‘ఏకేఎం డ్యామేజ్ ఎక్కువ మేడమ్, కాని రీకాయిల్ బాగుంటది. ఎం ఫోర్ సిక్స్‌టీన్ అయితే కంట్రోల్‌లో ఉంటది’. నేను అచ్చంగా విద్యార్థిని అయిపోయాను. తర్వాత అడిగాను, రీకాయిల్ అంటే ఏమిటి? తెరమీద గురి పైకి జరుగుతుందట, బొటనవేలితో కిందికి లాగాలట. భుజానికి తగిలే దెబ్బ సంగతి ఎవరూ ఎత్తలేదు. తుపాకి తన్నుతుంది అని మన పెద్దవాళ్ళు అనేవారు కదా, ఆ ‘తన్నడం’ ఈ మాటలో లేదు.

బరువు ఎంత ఉంటుంది అన్నాను. ఒకడు అరకిలో అన్నాడు, ఇంకొకడు కిలో అన్నాడు. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు ఉన్న పాత త్రీనాట్‌త్రీ తుపాకి, ఇప్పటి ఇన్‌సాస్, ఇవన్నీ నాలుగు కిలోలకి అటూ ఇటూగా ఉంటాయి. అందుకని నాలుగు కిలోల బియ్యం సంచిని భుజం ఎత్తున రెండు చేతులతో ముందుకి చాచి పట్టుకోమన్నాను. ఒక పాట పూర్తయ్యేదాకా అన్నాను. పల్లవి దాటినవాళ్ళు లేరు. గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లులు పడీపడీ నవ్వారు. రోజూ బిందెలు మోసే చేతులు కదా వాళ్ళవి.

ఆ తర్వాతి ప్రశ్నలకి నవ్వులు తగ్గాయి. చేతిలోకి వచ్చిన పిస్తోలు పేలాలంటే ముందు ఏం చేయాలి? ట్రిగ్గర్ నొక్కాలి అన్నారు. అంతకుముందు? మౌనం. మేగజీన్ సరిగ్గా దిగి ఉండాలి, పైభాగాన్ని గట్టిగా వెనక్కి లాగి వదిలితేగాని తూటా గొట్టంలోకి ఎక్కదు, చాలా పిస్తోళ్ళకి సేఫ్టీ మీట ఉంటుంది, అది ఎటువైపు ఉందో, ఎటు తిప్పాలో తెలియాలి. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి తూటా ఇరుక్కుంటుంది. వాళ్ళ ఆటలో తుపాకి ఎప్పుడూ మొరాయించదు. నూనె గుడ్డతో తుడవాల్సిన పని ఉండదు. మన ఊరు 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు. తిరుమలగిరి, బొల్లారం వైపు పదవీ విరమణ చేసిన జవానుల్ని ఎవరిని అడిగినా చెప్తారు, తుపాకితో గడిపే కాలంలో కాల్చడం కంటే తుడవడం, లెక్కపెట్టడం, అప్పగించి సంతకం పెట్టడమే ఎక్కువ అని. ఆ పనుల్ని ఆటలో పెడితే ఎవరూ ఆడరు. ఇంటిపనిని ఏ కథలోనూ పెట్టనట్టే ఇదీ!

చప్పుడు సంగతి కూడా అంతే. అసలు తుపాకి పేలుడు చాలావరకు 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవికి రక్షణ లేకపోతే ఒక్కసారికే వినికిడి దెబ్బతినవచ్చు. సైలెన్సర్ తగిలిస్తే ‘ఫట్’ మని చిన్న శబ్దం వస్తుందని పిల్లలే కాదు, వాళ్ళ తండ్రులూ నమ్ముతారు. చప్పుడు కొంత తగ్గుతుంది తప్ప నిశ్శబ్దం కాదు. ఇక గాయం గురించి చెప్పాలంటే నాకు మనసు బరువెక్కుతుంది. ఆటలో తూటా తగిలితే కట్టు కట్టుకుంటారు, శక్తినిచ్చే డ్రింకు తాగుతారు. పడిపోయినవాణ్ణి స్నేహితుడు పది సెకన్లలో లేపేస్తాడు. నిజంగా తొడలో పెద్ద రక్తనాళం తెగితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. బతికితే ఎముక ముక్కలై, ఆపరేషన్ల మీద ఆపరేషన్లై, నెలల తరబడి మంచం. ఆ మంచం పక్కన ఎవరు కూర్చుంటారో మనకి వేరే చెప్పక్కర్లేదు. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కి వ్యతిరేకంగా కుర్రాళ్ళు సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినప్పుడు పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరి తుపాకి పట్టాలని ఏళ్ళ తరబడి పరుగులు తీసిన కుర్రాళ్ళు వాళ్ళు.

అయితే ఈ పిల్లల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. తెలిసిందనుకోవడం అందరికీ ఉన్న జబ్బే. 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. జిప్పు ఎలా పనిచేస్తుందో, తాళం ఎలా పడుతుందో, ఫ్లష్ లెట్రిన్‌లో నీళ్ళు ఎలా దిగుతాయో మీకు ఎంత బాగా తెలుసు అని మనుషుల్ని అడిగారు. బాగా తెలుసన్నారు. సరే, అంచెలంచెలుగా వివరించండి అంటే తడబడ్డారు, తమకి తాము ఇచ్చుకున్న మార్కులు తామే తగ్గించుకున్నారు. రోజూ వాడే వస్తువు కాబట్టి తెలుసు అనుకుంటాం. గేములు చేసేది సరిగ్గా ఇదే, కాకపోతే ఎప్పుడూ ముట్టుకోని వస్తువుతో. రోజుకి వందసార్లు తుపాకి వాడిన అనుభూతి ఇస్తాయి, ఏ ఒక్కసారీ ‘వివరించు’ అని అడగవు.

ఇంకో కోణం ఉంది. తుపాకి కంపెనీలు కొంతకాలం తమ తుపాకుల పేర్లు, రూపాలు వాడుకోవడానికి గేము కంపెనీలతో ఒప్పందాలు చేసుకున్నాయి. 2013లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద కంపెనీ, ఇకమీదట లైసెన్సులు తీసుకోం, తుపాకులు మాత్రం ఆటల్లో వాడుకుంటాం అని ప్రకటించింది. అమెరికాలో ఇది సరుకు ప్రకటన. ఆ దేశంలో ఇంటి బీరువాలో పిస్తోలు ఉంటుంది, పిల్లవాడికి ఆట నేర్పిన చనువుతో దాన్ని ముట్టుకునే ప్రమాదం నిజంగా ఉంటుంది. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకి ఉండకూడదు, 2019 సవరణ తర్వాత ఒకరికి రెండుకి మించి ఉండకూడదు, ఆటోమేటిక్ తుపాకులు మామూలు మనిషికి దొరకనే దొరకవు. అంటే వారాసిగూడ కుర్రవాడికి ఎవరూ తుపాకి అమ్మడం లేదు. మరి వాడికి అందుతున్న సరుకు ఏమిటి? నా దృష్టిలో అది అధికారం. తుపాకి గురించి నాకు తెలుసు, నీకు తెలియదు అని చెప్పగలిగే అధికారం. ఇంట్లో అమ్మ మీద, అక్క మీద చెల్లే అధికారం.

జ్ఞానం ఎవరిదిగా లెక్కలోకి వస్తుందన్నది స్త్రీవాదం మొదటినుంచీ అడుగుతున్న ప్రశ్న. ఆ కుర్రాళ్ళని ఈషా సింగ్ ఎవరో తెలుసా అని అడిగాను. తెలియదు. మన హైదరాబాద్ అమ్మాయి, 2005లో పుట్టింది, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో పిస్తోలు పోటీల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఇరవై తుపాకుల పేర్లు చెప్పగలిగిన పిల్లలకి, పిస్తోలు నిజంగా తెలిసిన మనిషి పేరు తెలియదు. వెనక్కి వెళ్తే తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం తుపాకి పట్టి దళాన్ని నడిపారు. ఆమె తలకి పదివేల రూపాయల వెల కట్టారు. పోరాటం ఆగాక ఆ తరం స్త్రీలకి ఏం జరిగిందో 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వాళ్ళ మాటల్లోనే ఉంది. చాలామందిని వెనక్కి ఇళ్ళకి పొమ్మన్నారు. తుపాకి తెలిసిన చేతులు మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళాయి. వాళ్ళకి తెలిసినది తెలివిగా ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మన పనిలోకి వస్తాను. ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో చూసిన సంగతి, ఆనవాళ్ళు మార్చి చెప్తున్నాను. భర్త తుపాకి చూపించి బెదిరిస్తున్నాడని ఒకామె వచ్చింది. నల్లగా ఉంది, చిన్నది, నా మెడ దగ్గర పెట్టాడు అంది. మాట్లాడటానికి కూర్చున్న మగ పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న, ఏం తుపాకి? పిస్తోలా, రివాల్వరా? ఆమెకి తెలియదు. మూతి వెడల్పు ఎంత, మేగజీన్ ఉందా, గుండ్రంగా తిరిగే భాగం ఉందా? తెలియదు, తెలియదు. ఆమెతో వచ్చిన పద్దెనిమిదేళ్ళ కొడుకు కల్పించుకుని, ‘నువ్వు చెప్పేదాన్ని బట్టి అది ఎయిర్ పిస్టలే అమ్మా, దాంతో ఏం కాదు’ అని తేల్చేశాడు. వాడు ఆ వస్తువుని చూడనేలేదు. చూసింది ఆమె. అయినా గదిలో అందరూ వాడికేసి తలలూపారు. ఐదు నిమిషాల్లో ఆమె ఫిర్యాదు ‘భయపడింది పాపం’ అన్నదానికి దిగిపోయింది.

ఆ కుర్రవాడికి తల్లి మీద ప్రేమ లేకకాదు. ధైర్యం చెప్పాలనే అనుకున్నాడు. కాని వాడి ‘తెలుసు’ ఆమె కళ్ళతో చూసినదాన్ని కొట్టేసింది. కొన్ని ఎయిర్ పిస్తోళ్ళు, నాటు తపంచాలు, అసలు పిస్తోళ్ళు దూరం నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. దగ్గర నుంచి కాలిస్తే ఎయిర్ పిస్టల్ కూడా కన్ను పోగొట్టగలదు. నాటు తుపాకి ‘పేలదులే’ అనే మాట ఇంకా ప్రమాదం, అది పేలితే ఎటు పేలుతుందో పట్టుకున్నవాడికే తెలియదు.

చట్టం ఆ స్త్రీని తుపాకి పేరు చెప్పమని అడగదు. 2005 గృహహింస చట్టం కింద ఆ బెదిరింపే చాలు, రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం భయపెట్టే ఉద్దేశంతో బెదిరించడం నేరం, చంపుతానని బెదిరిస్తే ఏడేళ్ళ దాకా శిక్ష. చేతిలో ఉన్నది బొమ్మ తుపాకి అయినా బెదిరింపు బెదిరింపే. అతనికి లైసెన్సు ఉంటే, ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద ప్రజా భద్రత కోసం దాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది. నగర కమిషనరేట్ పరిధిలో ఆ అధికారి పోలీస్ కమిషనరే. అర్జీ రాసి ఇవ్వొచ్చు. లైసెన్సు లేకపోతే అది ఆయుధాల చట్టం కింద వేరే నేరం, ఆ తేడా తేల్చాల్సింది పోలీసులు. మనం ఆమెని అడగాల్సింది ‘ఏం తుపాకి’ అని కాదు. ఎక్కడ పెట్టాడు, ఏమన్నాడు, అప్పుడు ఎవరున్నారు, ఆ వస్తువు ఇంట్లో ఎక్కడ ఉంటుంది, పిల్లల చేతికి అందుతుందా అని. మన కేసు పత్రాల్లో ‘ఆయుధం రకం’ అని గడి ఉంటే దాన్ని తీసేసి, ‘ఆమె చూసినది ఆమె మాటల్లో’ అని రాద్దామని నా ప్రతిపాదన.

చివరిగా కష్టమైన విషయం. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద అత్యాచారం జరిగింది, చంపేశారు. ‘దిశ’ అని మనం పిలుచుకుంటున్నాం. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. ఆధారాల స్వాధీనం కోసం తీసుకెళ్తే ఇద్దరు మా తుపాకులు లాక్కుని కాల్చారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు. పోలీసుల్లో ఎవరికీ తూటా గాయం కాలేదు. ఆ రోజు ఆ స్థలంలో పోలీసుల మీద పూలు చల్లారు, కొందరు స్త్రీలు రాఖీలు కట్టారు. ఆ అమ్మాయికి జరిగినదానికి మనందరి గుండెలూ మండుతున్న రోజులవి. నేను ఆ కోపాన్ని తప్పుపట్టను. కాని ఆ వారంలో నేను మాట్లాడిన కాలేజీ పిల్లలెవరికీ ఒక సందేహం రాలేదు. లారీ పనిచేసుకునే నలుగురు, నారాయణపేట జిల్లా పల్లెటూళ్ళ కుర్రాళ్ళు, ఎప్పుడూ పిస్తోలు ముట్టుకోనివాళ్ళు, పెనుగులాటలో సాయుధులైన పోలీసుల నుంచి దాన్ని లాక్కుని, క్షణాల్లో కాల్చగలరా అని. ‘లాక్కుని కాల్చారు’ అనే వాక్యం వాళ్ళకి చాలా మామూలుగా వినిపించింది. ఎందుకు వినిపించదు? రోజుకి ఎన్నోసార్లు వాళ్ళు చేసేది అదే. కింద పడిన తుపాకి ఏరుకుంటారు, వెంటనే కాలుస్తారు. సినిమాలూ అదే నేర్పాయి, కాని సినిమాలో చూస్తాం, ఆటలో చేస్తాం. చేసినదాన్ని నమ్మడం ఇంకా తేలిక.

ఆ రోజే స్త్రీ హక్కుల, పౌర హక్కుల కార్యకర్తలు కొందరు హైకోర్టుకి విన్నవించుకోబట్టి మృతదేహాల్ని భద్రపరచమని ఉత్తర్వు వచ్చింది. డిసెంబరు 23న ఇక్కడే, మన గాంధీ ఆసుపత్రిలో, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రెండోసారి పోస్టుమార్టం చేశారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులు పోలీసుల ఆయుధాలు లాక్కునే అవకాశం లేదనీ, వాటిని వాడగలిగి ఉండేవాళ్ళు కాదనీ, మొత్తం కథనం కల్పితమనీ అందులో తేల్చారు. నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలనీ అన్నారు. తదుపరి చర్య కోసం సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ హైకోర్టుకి పంపింది, పోలీసు అధికారులు ఆ నిర్ధారణల్ని అక్కడ సవాలు చేశారు. 2008 డిసెంబరులో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురూ చనిపోయినప్పుడు కూడా వస్తువుల స్వాధీనానికి తీసుకెళ్తే మా మీద దాడి చేశారనేదే పోలీసుల కథనం. రెండుసార్లూ స్త్రీల పేరు మీదే జరిగింది. రెండుసార్లూ కేసు కోర్టుకి చేరలేదు, ఎవరు ఏం చేశారన్నది సాక్ష్యాలతో తేలలేదు. ఆ అమ్మాయిల కుటుంబాలకి దక్కాల్సిన విచారణ కూడా అక్కడితో పోయింది.

వచ్చే నెల యువజన బృందాల సమావేశానికి నేను రెండు తెస్తాను. ఒకటి నాలుగు కిలోల బియ్యం సంచి. రెండోది ఆ కమిషన్ నివేదికలో ఆయుధాల గురించి ఉన్న భాగాలు, మామూలు తెలుగులో రాసినవి. చదవడానికి ఇద్దరు అమ్మాయిలు, వినడానికి గేములు ఆడే కుర్రాళ్ళు కావాలి. మీ బస్తీల నుంచి ఎవరిని పంపగలరో భోజనాలయ్యేలోపు నాకు పేర్లు ఇవ్వండి.